పాటలు కట్టేవాళ్లు ఆర్‌ఆర్‌కి కూర్చుంటే: సీన్‌కి సంగీతం చేసే పద్ధతి

ట్యూన్లు బాగా కట్టే కుర్రాళ్లు మొదటిసారి ఓ షార్ట్ ఫిల్మ్‌కో వెబ్ సిరీస్‌కో ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే సీన్ల వెనక వచ్చే నేపథ్య సంగీతం) చేయడానికి కూర్చుంటే దాదాపు అందరూ చేసేది ఒకటే, సీన్ కింద ఒక బుల్లి పాట పెట్టేస్తారు. పల్లవి లాంటిది ఏదో మొదలవుతుంది, నాలుగు బార్లకోసారి (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) చక్కగా తిరిగొస్తుంది, చివర్లో షడ్జమం (స) మీదకొచ్చి హాయిగా చతికిలబడుతుంది. విడిగా వింటే ఎవరైనా బావుందనే అంటారు. సీన్‌తో కలిపి చూస్తే మాత్రం అమ్మాయి ఏడుపు ఒక దారి, వయొలిన్ ఏడుపు ఇంకో దారి. పాటకి తనదంటూ ఒక మొదలూ ఒక ముగింపూ ఉంటాయి, ఉండాలి కూడా. ఆర్‌ఆర్ సగం మాటే చెప్పాలి, మిగతా సగం తెర మీద నటుడి దగ్గరుంది. మీకు రాగాలు ఎన్ని తెలుసు, కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఎన్ని తెలుసు అన్నది తర్వాత సంగతి. ముందు ఆ పాట అలవాటు వదిలించుకోవాలి. ఇక్కడ రాస్తున్నదంతా చాలావరకు దాని గురించే.

ఇవి రెండూ వేరే పనులని జాతీయ అవార్డుల్లో కూడా ఒప్పుకున్నారు. 2009 సినిమాల దగ్గర్నుంచి పాటలకి ఒక అవార్డు, నేపథ్య సంగీతానికి ఇంకో అవార్డు ఇస్తున్నారు, ఆ ఏడాది నేపథ్య సంగీతం అవార్డు ఇళయరాజాకి వచ్చింది. 2021 సినిమాలకైతే రెండూ తెలుగు సినిమాలకే వచ్చాయి: పాటలకి పుష్పతో దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ఆర్‌ఆర్‌ఆర్‌తో కీరవాణి. మన జనం మాత్రం ఇప్పటికీ రిలీజుకి ముందు వచ్చిన పాటల్ని బట్టే సంగీత దర్శకుడికి మార్కులేస్తారు, ఆర్‌ఆర్ గుర్తుకొచ్చేది అది చెడినప్పుడే.

కీబోర్డు ముట్టుకోకముందు

ఎడిటర్ దగ్గర్నుంచి వీడియో తీసుకునేటప్పుడే రెండు మూడు విషయాలు గట్టిగా అడిగి తేల్చుకోండి. ఒకటి, ఎడిట్ లాక్ అయిందా లేదా, అంటే ఇక మార్పులు లేవని ఖరారు చేశారా లేదా. "ఆల్మోస్ట్ లాక్ అన్నా" అంటే లాక్ కాలేదని అర్థం. రెండు, ఫ్రేమ్ రేటు ఎంత. సినిమా అయితే మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీకి 25. ఆన్‌లైన్ కోసం తీసినవాటిలో 23.976 కూడా తగులుతుంది, దాన్ని 24 అనుకుని పనిచేస్తే గంట నిడివిలో మూడున్నర సెకన్లకు పైగా తేడా వచ్చేస్తుంది. ఇక 24లో తీసినదాన్ని 25లో పరిగెత్తిస్తే బొమ్మతో పాటు సంగీతం కూడా నాలుగు శాతం వేగం అవుతుంది, శ్రుతి దాదాపు ముప్పాతిక స్వరస్థానం పైకి పోతుంది, మీ వీణ విన్నవాడికి ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపిస్తుంది కానీ ఏంటో చెప్పలేడు. మూడు, బొమ్మ మీద టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చూపించే అంకెలు) అచ్చేసి ఇవ్వమనండి, మొదటి ఫ్రేముకి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము నిడివి బీప్ పెట్టమనండి. చివర్లో మీ ఫైళ్లు మిక్సింగ్ ఇంజనీర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయనకి సింక్ చూసుకోవడానికి అదే ఆధారం. డైలాగ్ ఒక ట్రాక్‌గా, రిఫరెన్స్ మ్యూజిక్ ఇంకో ట్రాక్‌గా విడివిడిగా అడగండి. కలిపి ఇచ్చారంటే వాళ్ల రిఫరెన్స్ సంగీతం మీ బుర్రలోంచి పోదు.

ఆ రిఫరెన్స్ గొడవ ఎలాగూ వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఎడిటింగ్ రూములో ఏదో ఇంగ్లిష్ సినిమా సంగీతం పెట్టుకుని కట్ చేస్తారు, మూడు నెలలు దాంతోనే చూస్తారు, ఆ తర్వాత మీరేం చేసినా డైరెక్టర్‌కి "ఆ ఫీల్ రావట్లేదు" అనిపిస్తుంది. దాన్ని కాపీ కొట్టొద్దు, అలాగని కొట్టిపారేయొద్దు కూడా. ట్యూను వదిలేసి మిగతావి చూడండి: ఏ ఫ్రేములో మొదలైంది, ఎక్కడ ఆగింది, లయ ఉందా లేదా, ఉంటే ఎంత వేగం, డైలాగ్ దగ్గర తగ్గిందా, మొత్తం మాయమైందా. నూటికి తొంభై సార్లు డైరెక్టర్ మనసు పడింది ఆ ట్యూను మీద కాదు, అది మొదలైన చోటు మీద. మీరు అదే చోట మీ సొంత సంగతి మొదలుపెట్టండి, గొడవ సగం సద్దుమణుగుతుంది.

తర్వాత డైరెక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మొత్తం ఆపుకుంటూ చూడాలి. ఎక్కడ సంగీతం కావాలి, ఎక్కడ వద్దు, ఎందుకు అన్నది కాగితం మీద రాసుకోవడమే ఆ రోజు పని, ట్యూన్ల గురించి ఆ రోజు మాట్లాడనే వద్దు. "ఇక్కడ మైనర్ కార్డ్ వేద్దామా" అని డైరెక్టర్‌ని అడిగితే ఆయనకి టెన్షన్, మీకు టైమ్ వేస్ట్. బదులుగా "ఈ సీన్ అయ్యేసరికి ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఉండాలి?", "వీడు అబద్ధం చెబుతున్నాడని జనానికి ఇప్పుడే తెలియాలా, తర్వాతా?" అని అడగండి. ఆ జవాబుల్లోంచే సంగీతం పుడుతుంది. ప్రతి బిట్‌కీ, అంటే ఒక చోట మొదలై ఒక చోట ఆగే ప్రతి సంగీతం ముక్కకీ, ఒక నంబరు పెట్టుకోండి. ఒకటో రీలులో మూడో బిట్ అయితే 1ఎం3 అనడం పాత అలవాటు, ఇప్పటికీ బాగా పనికొస్తుంది. మొదలు, చివర టైమ్‌కోడ్ రాయండి, ఎదురుగా ఒక్క వాక్యంలో పని రాయండి. "బాధ" అని రాస్తే లాభం లేదు. "నాన్నకి తెలిసిపోయింది, కూతురికి ఆ సంగతి తెలియదు" అని రాస్తే దానికి సంగీతం చేయొచ్చు.

ఒక సీన్ తీసుకుందాం

ఊరికే సూత్రాలు చెప్పడం కన్నా ఒక సీన్ పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పెళ్లైన కూతురు చెప్పాపెట్టకుండా సాయంత్రం బస్సు దిగి పుట్టింటికి వచ్చింది, చేతిలో సూట్‌కేసు. నాన్న గడియ తీశాడు. లోపలికి వచ్చింది, కూర్చుంది. "భోంచేశావామ్మా?" "ఆఁ నాన్నా, దారిలో తినేశాను." ఆయన ఏమీ అనలేదు, వంటింట్లోకి వెళ్లి కంచం పెట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. మొత్తం 72 సెకన్లు. గడియ తీసి తలుపు తెరుచుకోవడం 14వ సెకను దగ్గర, కంచం నేలకి ఆనడం 41.7 దగ్గర. ఆ తర్వాత ఇద్దరి మొహాలు, అంతే.

పాట అలవాటున్నవాడు సూట్‌కేసు కనబడగానే శివరంజనిలో వయొలిన్ ఎత్తుకుంటాడు. అప్పుడేమవుతుంది? అమ్మాయి కాపురంలో ఏదో జరిగిందని 14వ సెకనుకే జనానికి తెలిసిపోయింది, ఇక ఆ అబద్ధానికి, ఆ కంచానికి విలువేముంది. అందుకే మొదటి ప్రశ్న: బొమ్మ ఇప్పటికే చెబుతున్నది ఏంటి? సూట్‌కేసు, సాయంత్రం, ఒంటరిగా రావడం, ఇవన్నీ కష్టం వచ్చిందని చెప్పేస్తున్నాయి. బొమ్మ చెప్పనిది ఒకటే, నాన్న కనిపెట్టేశాడన్నది. సంగీతం చేయాల్సిన పని అదొక్కటే.

ఇదే సినిమాలో పెళ్లి సీన్‌కి మీరు తండ్రీకూతుళ్లకి మోహన రాగంలో ఒక థీమ్ చేసి ఉన్నారనుకోండి. స రి గ ప ద. అందులో గాంధారం ఒక్కటి అంతర గాంధారం నుంచి సాధారణ గాంధారానికి దించితే అదే శివరంజని. అంటే ఆ రెండు రాగాలకీ మధ్య తేడా ఒకే ఒక్క స్వరం. ఇప్పుడు ఈ సీన్‌లో అదే థీమ్ వాడండి, కానీ గాంధారం పూర్తిగా తీసేయండి. స రి ప ద, ఈ నాలుగే. వినేవాడికి ఆ పెళ్లి నాటి సంగతేదో లీలగా గుర్తొస్తుంది కానీ ఇది సంతోషమా, దుఃఖమా అన్నది తేలదు, ఎందుకంటే తేల్చే స్వరం మీ దగ్గరే దాచిపెట్టుకున్నారు. కంచం నేలకి ఆనినప్పుడు మొదటిసారి గాంధారం వినిపించాలి. ఏ గాంధారం? నన్నడిగితే అక్కడ అంతర గాంధారమే వేస్తాను, అంటే మోహనే, పెళ్లి నాటిదే. నాన్న ప్రేమ అలాగే ఉంది, బాధపడే పని ప్రేక్షకుడికి వదిలేద్దాం. సాధారణ గాంధారం వేసే డైరెక్టర్లూ ఉంటారు, అదీ తప్పు కాదు, ఇంకాస్త ఏడిపిస్తుంది. వేసేశాక మాత్రం వెంటనే షడ్జమానికి దిగొద్దు. పంచమం మీదో రిషభం మీదో వదిలేసి మెల్లగా ఆరిపోనివ్వండి. షడ్జమం చేరితే వినేవాడి చెవికి ఇక సీన్ అయిపోయినట్టే, వెనక ఇంకా 30 సెకన్ల మొహాలున్నాయి.

ఇప్పుడు లెక్క. సెకన్లని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని అక్షరాలు పడతాయో ఆ వేగంతో) గుణించి 60తో భాగిస్తే ఆ క్షణం ఎన్నో అక్షరం దగ్గర పడుతుందో వస్తుంది. సీన్ మొదట్నుంచీ లెక్కేస్తే, 69 బీపీఎంలో 14వ సెకను 16.1 దగ్గర, 41.7 దాదాపు 47.96 దగ్గర పడతాయి. ఆది తాళంలో చూస్తే ఆవర్తానికి ఎనిమిది అక్షరాలు కాబట్టి తలుపు సరిగ్గా రెండు ఆవర్తాలు పూర్తయిన చోట, కంచం ఆరు ఆవర్తాలు పూర్తయిన చోట. రెండూ సమం మీదే, అంటే ఆవర్తం మొదలయ్యే చోటే పడ్డాయి. ఇంత అందంగా రోజూ కుదరదు, అయినా 60 నుంచి 80 దాకా ఒక్కో వేగం వేసి చూస్తే రెండు ముఖ్యమైన చోట్లకి దగ్గరగా వచ్చేది ఏదో ఒకటి దొరుకుతుంది. దొరక్కపోతే మధ్యలో ఒక ఏడక్షరాల బారో అయిదక్షరాల బారో ఇరికించండి. తాళం తప్పిందని ఎవరూ రాళ్లు వేయరు, ఇది కచేరీ కాదు.

ఇంకొక్క చిన్న సర్దుబాటు ఉంది. 69లో పదహారో అక్షరం పూర్తయ్యేది 13.91 దగ్గర, అంటే తలుపు కన్నా రెండు ఫ్రేములు ముందు. సంగీతం బొమ్మ కన్నా ముందొస్తే జరగబోయేది చాటింపు వేసినట్టుంటుంది. ఒకటి రెండు ఫ్రేములు వెనకొస్తే మాత్రం చూసి స్పందించినట్టు సహజంగా ఉంటుంది. అందుకని బిట్ మొత్తాన్ని మూడు ఫ్రేములు వెనక్కి జరపండి. 24 ఫ్రేముల్లో అది సెకనులో ఎనిమిదో వంతు. ఇప్పుడు తలుపు తర్వాత ఒక ఫ్రేముకి, కంచం తర్వాత నాలుగు ఫ్రేములకి వినిపిస్తుంది. కంచం చప్పుడు ముందు, గాంధారం తర్వాత. ఆ చప్పుడు సౌండ్ ఎఫెక్ట్స్ వాళ్లది, దాని మీద మీరు స్వరం వేస్తే రెండూ పోతాయి.

అసలు మొదటి 14 సెకన్లలో సంగీతం ఉండాలా? నా లెక్క ప్రకారం అక్కర్లేదు. ఇంకా మాట్లాడితే తలుపు దగ్గర కూడా వద్దు. క్లిక్ (మీరు లయ పట్టుకోవడానికి పెట్టుకునే టిక్ టిక్ శబ్దం) మాత్రం మీ సెషన్‌లో మొదట్నుంచీ నడుస్తుంటుంది, జనానికి వినిపించే మొదటి స్వరం "దారిలో తినేశాను" అన్న మాట అయిపోయాక ఆమె ఊపిరి తీసుకునే చోట.

మాటల కింద ఎలా బతకాలి

మనవాళ్లు డైలాగ్ ఎక్కువగా రాస్తారు కాబట్టి ఇది బాగా వంటబట్టించుకోవాలి. మాట స్పష్టంగా అర్థం కావడానికి కావలసిన హల్లుల శబ్దం ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వేణువు పై స్థాయి, వయొలిన్ మీద గట్టి విల్లు, షేకర్, అన్నీ అక్కడికే వచ్చి కూర్చుంటాయి. మగ గొంతు మూలధ్వని సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, చెల్లో కింది తీగలు సరిగ్గా అక్కడే. అందుకే నాన్న మాట్లాడే సీన్‌లో చెల్లో వేసి, తర్వాత మిక్సింగ్‌లో "నా చెల్లో వినబడట్లేదు" అని గోల పెట్టి లాభం లేదు. ఈక్యూ (ఏ స్థాయి శబ్దం ఎంత వినబడాలో మార్చేది) తిప్పే ముందు అసలు రాయడమే వేరే స్థాయిలో రాయండి. ఇంకో కిటుకు, కొత్త స్వరం మొదలయ్యే క్షణమే చెవిని లాగేస్తుంది, సాగుతున్న స్వరం అంతగా లాగదు. కాబట్టి కొత్త స్వరాలన్నీ మాటల మధ్య ఖాళీల్లో మొదలుపెట్టి, మాట నడుస్తున్నంతసేపూ కదలకుండా నిలబెట్టండి. డైలాగ్ ట్రాక్ తరంగం కళ్లెదుట పెట్టుకుని ఆ సందుల్లో స్వరాలు పేర్చుకుంటూ పోతే మిక్సింగ్‌లో ఎవరూ మీ సంగీతాన్ని తగ్గించాల్సిన పని ఉండదు.

ఎఫెక్ట్స్ ట్రాక్ కూడా ముందే తెప్పించుకోండి, తయారు కాకపోతే ఏమేం రాబోతున్నాయో కనీసం అడగండి. వాన సీన్‌లో పై స్థాయి అంతా వాన తినేస్తుంది, అక్కడ మీరు ఎంత మెత్తటి షేకర్ వేసినా దండగ. కరెంటు మీద నడిచే పరికరాల హమ్ మన దేశంలో 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100 దగ్గర కూడా బాగా వినబడుతుంది. జీ స్వరం 98 దగ్గర ఉంటుంది. పాత ట్యూబ్‌లైట్ హమ్ పెట్టిన గదిలో మీరు జీ మీద మంద్రంలో శ్రుతి వేశారా, రెండూ కొట్టుకుని గుయ్యిగుయ్యిమంటుంది. ఒక్కోసారి అదే కావాలనుకుని వేయొచ్చు, దెయ్యం సీన్లకి భలే పనికొస్తుంది.

ఎలివేషన్, కామెడీ

హీరో ఎంట్రీకి సంగీతం అంటే మొదటి షాటు నుంచి చివరి షాటు దాకా బాదడం అని చాలామంది నమ్మకం. హాల్లో కూర్చుని గమనించండి, మొహం కనబడగానే ఈలలు, అరుపులు, కాగితాలు. ఆ మూడు నాలుగు సెకన్లు మీ థీమ్ ఎంత గొప్పదైనా ఎవరికీ వినబడదు. అందుకే మొహం పడ్డ వెంటనే లయ మాత్రమే నడిపి, అరుపులు కాస్త తగ్గాక థీమ్ ఎత్తుకోండి. అంతకన్నా ముఖ్యం, మొహం కనబడటానికి ముందు ఒకటిన్నర రెండు సెకన్లు మొత్తం ఆపేయడం. విలన్ మనుషుల కేకలు, కార్ల శబ్దం, అప్పటిదాకా నడిచిన డ్రమ్స్, అన్నీ ఒక్కసారి మాయమైతే తర్వాత వచ్చే డప్పు ఒక్క దెబ్బ చాలు. వాల్యూమ్ పెంచితే గొప్పగా ఉండదు, ముందున్నదాన్ని తగ్గిస్తే ఉంటుంది. స్లో మోషన్ నడక ఉంటే అడుగు నేల తాకే ఫ్రేములు రాసుకుని వాటి నుంచే వేగం పట్టుకోండి. 24 ఫ్రేముల్లో 12 ఫ్రేములకో అడుగు పడితే అది 120 బీపీఎం, 18 ఫ్రేములకో అడుగు పడితే 80. ప్రతి అడుగుకీ దెబ్బ వేయకండి, రెండో మూడో వదిలేస్తే నడకకి పొగరు వస్తుంది.

కామెడీకి చెప్పేది తక్కువ. పంచ్ పడే ముందు సంగీతం ఆపండి, పడ్డాక మొదలుపెట్టండి, మధ్యలో "డుబుక్", "టొయ్యింగ్" వేయకండి. నటుడు నవ్వించలేకపోతే టొయ్యింగ్ నవ్వించదు.

సీరియల్ పని వేరే లోకం

డైలీ సీరియల్‌కి ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కూర్చుని సంగీతం చేసే టైమ్ ఎవరికీ ఉండదు. టైటిల్ సాంగ్‌తో పాటు ఒక బ్యాంకు ఇస్తారు: పాత్రల థీమ్‌లు, మూడ్ బిట్‌లు. ఆ తర్వాత రేపటి టెలికాస్ట్ కోసం అర్ధరాత్రి కూర్చున్న ఎడిటర్ అందులోంచి ఏరుకుని అతికిస్తాడు. అంటే మీరు రాసేది ప్రేక్షకుడి కోసం ఎంతో ఆ నిద్రమొహపు ఎడిటర్ కోసం కూడా అంత. ప్రతి థీమ్‌నీ 10, 20, 40 సెకన్ల నిడివిలో ఇవ్వండి. మధ్యలో ఎంతసేపైనా తిప్పుకోగలిగే భాగం ఒకటి, శుభ్రంగా ముగిసేది ఒకటి, లయ లేనిది ఒకటి, ఉత్త శ్రుతి మాత్రమే ఉన్నది ఒకటి. ఫైలు పేరు "థీమ్ 4 ఫైనల్ కొత్తది" అని పెడితే ఎవడూ వాడడు, "అత్త అనుమానం నెమ్మది 20 సెకన్లు" అని పెట్టండి. ఒకే పాత్ర బిట్‌లన్నీ ఒకే శ్రుతిలో, వీలైతే ఒకే వేగంలో ఉంచితే ఒకదాని మీద ఇంకొకటి అతికించినా చెడదు.

మూడు వైపుల నుంచి మూడు జూమ్‌లు, మూడు పిడుగులు, ఆ అలవాటుని ఎగతాళి చేయడం సులువే కానీ వంటింట్లో పోపు వేస్తూ వింటున్న మనిషిని టీవీ ముందుకి లాగేది ఆ శబ్దమే. సీరియల్‌ని సగంమంది చూడరు, వింటారు. అలా వింటున్నవాళ్లకి టీవీలోనూ ఫోన్‌లోనూ ఉండే చిన్న స్పీకర్లలో కింది స్థాయి దాదాపు వినబడదు కాబట్టి, మంద్రంలో ఒక్క శ్రుతి పెట్టి భయం పుట్టిద్దామనుకుంటే అక్కడ నిశ్శబ్దమే ఉంటుంది. అదే స్వరం పై స్థాయిలో కూడా సన్నగా జతచేయండి, మీ పెద్ద స్పీకర్లలో విన్నాక ఒకసారి ఫోన్‌లో పెట్టి వినండి.

మనుషులు, శాంపిల్స్

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు. లాజిక్ అయినా, క్యూబేస్ అయినా, డబ్బులు తక్కువుంటే రీపర్ అయినా వీడియో పెట్టుకుని వేగం మార్చుకునే సదుపాయం ఉంటే చాలు. శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసి కంప్యూటర్‌లో పెట్టిన వాద్యాల శబ్దాలతో) స్ట్రింగ్స్, పియానో, డ్రమ్స్ దాకా ఎలాగో నెట్టుకురావచ్చు. వీణ, నాదస్వరం, వేణువు దగ్గర మాత్రం దొరికిపోతాం, గమకం ఏ పిచ్ వీల్ తిప్పినా రాదు. బడ్జెట్ ఎంత తక్కువైనా ఒక్క మనిషిని ఒక్క పూట పిలిపించండి. ప్రోగ్రామ్ చేసిన ఇరవై స్ట్రింగ్స్ మీద ఒకే ఒక్క నిజం వయొలిన్ వాయించి కలిపినా మొత్తం సెక్షన్‌కి ప్రాణం వస్తుంది. పెద్ద సినిమాలవాళ్లు యూరప్‌లో బుడాపెస్ట్‌లోనో స్కోప్యేలోనో ఆర్కెస్ట్రాని ఇంటర్నెట్ మీద రికార్డు చేయించుకుంటారు, అది మీకు ఇప్పుడే అక్కర్లేదు.

పిలిచే ముందు ఫోన్‌లోనే శ్రుతి చెప్పండి. వేణువు ఆయన ఏ శ్రుతికి ఆ వేణువు సంచిలో వేసుకొస్తారు. నాదస్వరం అలా కాదు, ఆ వాద్యానికి ఉన్న శ్రుతికే మీరు రాసుకోవాలి, కంప్యూటర్‌లో రెండు స్వరాలు జరిపేస్తాలే అనుకుంటే ఆ గొంతు మారిపోతుంది. విద్వాంసుడి ముందు స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) పెట్టకండి, స్వరం పాడి వినిపించండి, ఫలానా రాగం ఛాయ కావాలనండి. సీన్ ఒకసారి చూపించి, "నాన్న, కూతురు, అన్నం కంచం" అని చెప్పి, మీరు రాసింది ఒక టేక్ తీసుకున్నాక "ఇప్పుడు మీకు తోచింది వాయించండి గురువుగారూ" అని ఇంకో టేక్ తీసుకోండి. చివరికి ఆ రెండోదే సినిమాలో ఉండటం చాలాసార్లు జరుగుతుంది. ఒక్కటే జాగ్రత్త, ఆయన కచేరీ మనిషి కాబట్టి ఖాళీ కనబడితే నింపేస్తారు. "ఇక్కడ మూడు స్వరాలే" అని మొహమాటపడకుండా చెప్పాలి.

ఫైళ్లు ఇచ్చేటప్పుడు

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైళ్లు. రెండు ట్రాకుల ఫైనల్ మిక్స్ ఒక్కటే ఇస్తే మిక్సింగ్ ఇంజనీర్ చేతులు కట్టేసినట్టే. స్ట్రింగ్స్, లయ, సోలో వాద్యం, ప్యాడ్‌లు, శబ్దాల్లాంటివి, ఇలా గుంపులుగా స్టెమ్స్ ఇవ్వండి, అన్నీ ఒకే చోట మొదలవ్వాలి, అన్నీ కలిపి ప్లే చేస్తే మీ మిక్స్ లాగే ఉండాలి. మాస్టర్ మీద లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటకుండా నొక్కేది) తీసేయండి, పాటల మాస్టరింగ్ లాగా నొక్కి పంపితే ఇంజనీర్ మొదట చేసే పని దాన్ని తగ్గించడమే. యూట్యూబ్ తనంతట తాను శబ్దం గట్టితనాన్ని (దాని కొలతే ఎల్‌యూఎఫ్‌ఎస్) సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి దించుకుంటుంది, నెట్‌ఫ్లిక్స్ అయితే డైలాగ్ కొలిచి మైనస్ 27 దగ్గర ఉండాలంటుంది, అంటే గట్టిగా పంపి సాధించేది ఏమీ లేదు. సోలో వాద్యం రివర్బ్ (మీరు జతచేసిన ప్రతిధ్వని) వేరే ట్రాక్‌గా ఇస్తే ఇంజనీర్ మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు.

లాక్ అయిన ఎడిట్ మళ్లీ మారుతుంది, మారదని ఎవరు ఒట్టేసినా నమ్మకండి. సెన్సార్ కట్లో, నిడివి ఎక్కువైందనో, ఏదో ఒకటి. కొత్త వీడియోతో పాటు ఎక్కడెక్కడ ఎన్ని ఫ్రేములు పోయాయో జాబితా అడగండి, పాత సెషన్‌ని చెరపకుండా తేదీ వేసి కొత్తది తెరవండి. రాసేటప్పుడే బిట్ మధ్యలో ఒక చోట శ్రుతి మాత్రమే సాగేలా వదిలిపెట్టుకుంటే అక్కడ రెండు సెకన్లు తీసినా కలిపినా ఎవరికీ తెలియదు, అలా వదలనివాడు మొత్తం బిట్ మళ్లీ చేయాలి.

డబ్బు సంగతి చివర్లో రాస్తున్నా గానీ మాట్లాడాల్సింది మొదట్లోనే. అడ్వాన్సు లేకుండా సెషన్ తెరవొద్దు. ఎన్ని మార్పులు ఉచితం, ఎడిట్ మారితే ఎంత, లైవ్ ప్లేయర్ల ఖర్చు ఎవరిది, ఇవి వాట్సాప్‌లో అయినా సరే రాతలో ఉండాలి. "సర్వహక్కులూ నిర్మాతవే" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నా, 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా హాల్లో ఆ సినిమాతో పాటు వినిపించడానికి తప్ప మిగతా వాడకాలకి వచ్చే రాయల్టీలో సమాన వాటా సంగీతకారుడికి ఉంటుంది, దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు, వద్దని వదులుకోవడమూ కుదరదు. అది చేతికి రావాలంటే ఐపీఆర్‌ఎస్‌లో (సంగీతకారులకీ రచయితలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీలో) సభ్యత్వం తీసుకుని, ప్రతి బిట్ పేరు, నిడివి, స్వరకర్త పేరు, ఎక్కడ ఎలా వాడారో రాసిన క్యూ షీట్ తయారుచేయాలి. మొదటి రోజు డైరెక్టర్ పక్కన కూర్చుని రాసుకున్న ఆ కాగితం ఉంటే గంటలో అయిపోయే పని అది. మిక్సింగ్ పూర్తయిన రోజే చేసేసి నిర్మాతకి ఒక కాపీ మెయిల్ చేయండి, సినిమా రిలీజయ్యాక ఎవరూ ఫోన్ ఎత్తరు.